విశాఖలో సెకండ్ హ్యాండ్ పియానో కొనేముందు

పాలిష్ మెరుపు చూసి బేరానికి దిగకండి. ముందు కింది ప్యానెల్ తీయించి టార్చ్ వేయండి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి తీగలు, వాటిని బిగించే ట్యూనింగ్ పిన్నులు తుప్పు పడతాయి. పైపై మచ్చలైతే ఫర్వాలేదు. పొరలుగా లేస్తుంటే మాత్రం ట్యూన్ చేసేటప్పుడే తీగ తెగొచ్చు. రాగి చుట్టిన బేస్ తీగలు మొద్దుగా మోగితే వాటి ఖర్చు వేరే లెక్కేసుకోండి.

అసలు సంగతంతా పిన్‌బ్లాక్‌లో, అంటే ఆ పిన్నులు దిగ్గొట్టిన చెక్క దిమ్మలో ఉంది. ట్యూనర్ యాప్ పెట్టి మధ్య ‘ఎ’ (మధ్య ‘సి’కి పైనున్న ‘ఎ’ స్వరం) నొక్కితే 440 హెర్ట్జ్ రావాలి. 415 చూపిస్తే అర స్వరం దిగినట్టే. ఒక్క ట్యూనింగ్‌తో నిలవదు. స్వరాలన్నీ ఒకేలా దిగితే ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదనుకోవచ్చు. ఒకే స్వరంలోని మూడు తీగలు బాగా ఎడంగా పలికితే పిన్నుల్ని అనుమానించాలి. టెక్నీషియన్ చేత పిన్నులు తిప్పే లివర్ పెట్టించి బిగువు చూడండి. కాస్త వదులైతే లావు పిన్నులు సరిపోతాయి. చెక్కే చీలితే చవకగా ఇచ్చినా వద్దు.

88 మెట్లూ నొక్కండి. వానాకాలంలో ఇరుక్కునేవి ఎక్కువగా ఫెల్ట్ (ఉన్ని గుడ్డ) ఉబ్బినవే, చిన్న పని. సౌండ్‌బోర్డు (తీగల మోతను పెంచే చెక్క పలక) చీలిక జీరగా మోగకపోతే పట్టించుకోకండి. తీగల మోతను ఆ పలకకు అందించే చెక్క పట్టీ, బ్రిడ్జి, పగిలితే మాత్రం పట్టించుకోవాలి. వెనక చెదపుట్ట మట్టి కనిపిస్తే ఇక తక్కినవి చూడక్కర్లేదు.