గేమ్‌లో సేవ్ కనబడట్లేదా? ముందు న్యూ గేమ్ మాత్రం నొక్కకండి

"అన్నా, సేవ్ మొత్తం పోనాది" అని మా శ్రీకాకుళం కుర్రాళ్లు కంగారుపడిపోతారు గానీ, చాలాసార్లు పోయిందేమీ ఉండదు. ఫైలు ఒక చోట ఉంటుంది, గేము ఇంకో చోట వెతుక్కుంటుంది. అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. టెన్షన్‌లో న్యూ గేమ్ నొక్కేస్తారు, అది ఆటోసేవ్ అయిపోయి పాత ఫైలు మీదే వచ్చి కూర్చుంటుంది. ఇంకొందరు గేమ్ తీసేసి మళ్లీ వేస్తారు. అందుకే కింద చెప్పినవాటిలో మీది ఏ బాపతైనా సరే, ముందు గేమ్ మూసేసి, నెట్ ఆపేసి, సేవ్ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు కాపీ తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాతే మిగతా ప్రయోగాలు.

ఆ ఫోల్డర్ ఎక్కడుంటుందంటే, విండోస్‌లో మూడు నాలుగు చోట్లే. జీటీఏ వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ లాంటి గేములు డాక్యుమెంట్స్‌లో తమ పేరు మీద "యూజర్ ఫైల్స్" అని ఒక ఫోల్డర్ పెట్టుకుంటాయి. కొన్ని "సేవ్డ్ గేమ్స్"లో ఉంటాయి. మిగతా చాలావరకు యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో ఉంటాయి, అది మామూలుగా కనబడదు. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన డబ్బాలో పర్సెంట్ గుర్తు, యాప్‌డేటా, మళ్లీ పర్సెంట్ గుర్తు టైప్ చేస్తే తెరుచుకుంటుంది. అక్కడి నుంచి ఒక మెట్టు పైకి వెళ్తే లోకల్ (Local), లోకల్‌లో (LocalLow) అనే ఇంకో రెండు ఫోల్డర్లుంటాయి, వాటిలోనూ చూడండి. పాత గేమ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో వేసుంటే మాత్రం లోకల్ లోపల వర్చువల్ స్టోర్ అనే ఫోల్డర్ వెతకండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి విస్టా నుంచి విండోస్ ఒప్పుకోదు, గేముకి చెప్పకుండా ఫైల్‌ని చప్పుడు లేకుండా అక్కడికి మళ్లిస్తుంది.

నెట్ సెంటర్‌లో నిన్న ఆడింది ఇవాళ లేదు

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం పక్కనైనా, ఎక్కడి నెట్ సెంటర్‌లోనైనా జరిగేదే ఇది. కారణం రెండింటిలో ఒకటి. ఒకటి, సిస్టమ్‌లో డీప్ ఫ్రీజ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటుంది. రీస్టార్ట్ చేయగానే డ్రైవ్ మొత్తం మునుపటి స్థితికి వెళ్లిపోతుంది, వైరస్‌తో పాటు గేమ్‌లో మీరు పూర్తిచేసిన మిషన్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. ఓనరు తప్పేం లేదు, రోజంతా పదిమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చే సిస్టమ్‌కి అది లేకపోతే నడవదు. రెండోది, మీ తర్వాత కూర్చున్నవాడు మీ స్లాట్ (గేములో సేవ్ పెట్టే గడి) మీదే సేవ్ చేసేశాడు. వైస్ సిటీలో స్లాట్లు ఎనిమిదే, ఆడేవాళ్లేమో ఊరంతా.

రెండింటికీ మందు ఒకటే. లేచే ముందు యూజర్ ఫైల్స్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి లాగండి, మర్నాడు వచ్చి తిరిగి అక్కడే పెట్టండి. ఫ్రీజ్ చేయకుండా వదిలిన డ్రైవ్ ఏదైనా ఉందేమో కూడా అడగండి, కొందరు సీ డ్రైవ్‌కే ఫ్రీజ్ పెడతారు.

వైస్ సిటీలో గరాజ్ బయట వదిలిన కారు సేవ్ చేసి వచ్చాక మాయమైందా? అది రోగం కాదు. సేవ్ అంటే ఆ క్షణానికి ఫొటో తీయడం కాదు. ఏ మిషన్ అయింది, డబ్బు ఎంత, గరాజ్‌లో ఏముంది అని గేము ఒక చిట్టా రాసుకుంటుంది, లోడ్ చేసినప్పుడు ఆ చిట్టా చూసి ఊరంతా మళ్లీ కడుతుంది. చిట్టాలో లేనిది తిరిగి రాదు.

కరెంటు పోయి వచ్చాక "సేవ్ పాడైంది" అంటోంది

మన జిల్లాల్లో ఇది పెద్ద కేసు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు గేమ్ గోల ఎవరికీ పట్టదనుకోండి. ఇబ్బంది పెట్టేది మామూలు రోజుల్లో రెండు నిమిషాలు పోయి వచ్చే కరెంటు. గేము ఫైల్‌లో సగం రాసిన క్షణంలో పవర్ పోతే, పాతది చెరిగిపోయి కొత్తది పూర్తికాక మధ్యలో వేలాడుతుంది.

ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి సైజు చూడండి. సున్నా ఉంటే అందులో ఇక ఏమీ లేదు, దాంతో కుస్తీ అనవసరం. పక్కనే ఇంకో ఫైల్ ఉందేమో చూడండి. బుద్ధిగా రాసిన గేములు కొత్త సేవ్ రాసే ముందు పాతదాన్ని పక్కన దాస్తాయి. మైన్‌క్రాఫ్ట్ పీసీ వెర్షన్‌లో ప్రతి వరల్డ్ ఫోల్డర్‌లోనూ లెవెల్ డాట్ (level.dat) ఫైల్, దాని పక్కన చివర "ఓల్డ్" అని ఉన్న ఇంకోటి ఉంటాయి. పాడైనదాన్ని పక్కకు జరిపి, రెండోదాని పేరులోంచి ఓల్డ్ ముక్క తీసేస్తే వరల్డ్ లిస్టులోకి తిరిగొస్తుంది. స్టార్‌డ్యూ వ్యాలీలో కూడా ఇదే పద్ధతి, కాకపోతే అక్కడ రెండు ఫైళ్లకి ఓల్డ్ జతలుంటాయి, రెండూ మార్చాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే కుదరదు. ఆ గేము రాత్రి పడుకున్నప్పుడే సేవ్ చేస్తుంది కాబట్టి ఎటూ ఒక రోజు పని పోతుంది, దానికి మందు లేదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా సిస్టమ్ ఆగిపోతోందంటే, దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో ఫ్యానుకి తెలియనంత చిన్న గ్యాప్ కూడా సీపీయూని పడగొట్టేస్తుంది. టీవీకి తగిలించే కాసెట్ గేముల కాలంలోనైతే ఈ గొడవే లేదు, కరెంటు పోతే కాంట్రా మొదటి నుంచి, అంతే!

సేవ్ అయ్యిందంటుంది, మళ్లీ తెరిస్తే ఉండదు

గేముని రాయనివ్వకుండా ఎవరో అడ్డుపడుతున్నారన్నమాట. విండోస్ సెక్యూరిటీలో రాన్‌సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" అని ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే తెలియని ప్రోగ్రామ్‌ని డాక్యుమెంట్స్‌లో రాయనివ్వదు. మొత్తం ఆపెయ్యక్కర్లేదు, మీ గేముని అనుమతించిన లిస్టులో చేర్చండి చాలు. ఫైళ్లని నెట్‌లో దాచే వన్‌డ్రైవ్ ఇంకో తలనొప్పి. బ్యాకప్ ఆన్ చేస్తే డాక్యుమెంట్స్ ఫోల్డర్ దాని కిందికి మారిపోతుంది, మీరు చూసే డాక్యుమెంట్స్ ఒకటి, గేము చూసేది ఇంకోటి అవుతుంది.

మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒకటుంది. విండోస్ వేసేటప్పుడు ముచ్చటపడి యూజర్ పేరు తెలుగులో పెట్టుకుంటే, కొన్ని పాత గేములు ఆ దారిలోని తెలుగు అక్షరాలు చదవలేక సేవ్ చేయలేవు. తర్వాత సెట్టింగ్స్‌లో పేరు మార్చినా లాభం లేదు, లోపలి ఫోల్డర్ పేరు పాతదే ఉండిపోతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొత్త యూజర్ ఖాతా తెరిచి అందులో ఆడటమే తేలిక.

కంటిన్యూ నొక్కితే పాత చోటు నుంచి మొదలవుతోంది

సిస్టమ్ తేదీ చూడండి. పాత అసెంబుల్డ్ సీపీయూల్లో మదర్‌బోర్డ్ మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే, ప్లగ్ తీసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. గేము అన్నిటికంటే కొత్త తేదీ ఉన్న సేవ్‌నే తెరుస్తుంది, మీరు ఇవాళ ఆడింది దానికి పాత సరుకులా కనిపిస్తుంది. లోడ్ మెనూలోకి వెళ్లి చేత్తో ఎంచుకోండి, సేవ్ అక్కడే ఉంటుంది. తర్వాత సీఆర్ 2032 బ్యాటరీ మార్చుకోండి. పెద్ద ఖర్చేం కాదు, వాచీల కొట్లో కూడా దొరుకుతుంది.

తేదీ సరిగ్గానే ఉంటే అనుమానం క్లౌడ్ మీదికి, అంటే నెట్‌లో దాచిన కాపీ మీదికి పోవాలి. గేములు కొనుక్కునే స్టీమ్ యాప్ "క్లౌడ్‌లో ఒకటుంది, ఈ సిస్టమ్‌లో ఒకటుంది, ఏది ఉంచను?" అని అడుగుతుంది, మనం చదవకుండా ఏదో ఒకటి కొట్టేస్తాం. అక్కడ రెండిటి తేదీలూ చూపిస్తుంది, చూడండి. సంక్రాంతికి బొబ్బిలిలో నెట్ లేకుండా ల్యాప్‌టాప్‌లో ఆడి వచ్చినవాళ్లకి ఇది తప్పనిసరిగా ఎదురవుతుంది. లోకల్ ఫైల్ కాపీ చేతిలో ఉంటే తప్పు బటన్ నొక్కినా ఫర్వాలేదు.

ఫోన్ మార్చాను, గేమ్ మొదటి నుంచి వచ్చింది

ముందు తేల్చుకోవాల్సింది, మీ ప్రోగ్రెస్ ఫోన్‌లో ఉందా, కంపెనీ సర్వర్‌లో ఉందా అన్నది. నెట్ లేకపోతే తెరుచుకోని గేములు చాలావరకు సర్వర్ మీదివే. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అలాంటిదే. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని నిషేధించాక 2021 జులైలో బీజీఎంఐ వచ్చినప్పుడు పాత స్కిన్లు (బట్టలు, తుపాకుల డిజైన్లు) కొత్తదాంట్లోకి తెచ్చుకోగలిగారంటే, అవి సర్వర్‌లో ఖాతాకి కట్టి ఉన్నాయి కాబట్టే. ఏ మెయిల్‌తో లాగిన్ అయ్యారో గుర్తు తెచ్చుకోండి, నాన్నగారి మెయిలో, అక్క ఫేస్‌బుక్కో అయ్యుంటుంది, ఇంట్లో అందరినీ అడగండి.

గెస్ట్‌గా ఆడినవాళ్ల సంగతే కష్టం. గెస్ట్ అంటే ఆ ఫోనే మీ గుర్తింపు. పాత ఫోన్ ఇంకా పనిచేస్తుంటే, దాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకముందే గేమ్ తెరిచి గూగుల్ ఖాతాకో మరోదానికో లింక్ చేసుకోండి.

ఇక ఫోన్‌లోనే సేవ్ ఉండే గేములకి స్పేస్ కోసం "క్లియర్ క్యాష్" కొట్టినా ఏమీ కాదు, దాని పక్కనే ఉండే "క్లియర్ డేటా" కొడితే మొత్తం పోతుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసినా పోతుంది. ఆండ్రాయిడ్ బ్యాకప్ ఉంది గానీ ఒక్కో యాప్‌కి 25 ఎంబీ వరకే, అదీ గేము ఒప్పుకుంటేనే.

పీపీఎస్ఎస్‌పీపీ అప్‌డేట్ అయ్యాక స్టేట్ లోడ్ కావట్లేదు

పీపీఎస్ఎస్‌పీపీ అంటే సోనీ పీఎస్‌పీ గేముల్ని ఫోన్‌లో ఆడించే ఎమ్యులేటర్ యాప్. అందులో సేవ్ స్టేట్, గేమ్ లోపలి సేవ్ వేరువేరు. స్టేట్ అంటే ఎమ్యులేటర్ తన మెమరీని ఉన్నదున్నట్టు దింపుకోవడం, ఇది మాత్రం నిజంగానే ఫొటో. వెర్షన్ మారితే అది పనికిరాకపోవచ్చు. పాత వెర్షన్ మళ్లీ వేసి, స్టేట్ తెరిచి, గేమ్ లోపలికి వెళ్లి మామూలుగా సేవ్ చేసి, ఆ తర్వాత అప్‌డేట్ చెయ్యండి. పాత వెర్షన్ వేయడానికి యాప్ తీసెయ్యాల్సి వస్తే పీఎస్‌పీ ఫోల్డర్ ముందే కాపీ తీసుకోండి.

ఆటోసేవ్ చావు ముందు క్షణంలో ఇరుక్కుంది

లోడ్ అవడం, చావడం, మళ్లీ లోడ్ అవడం. వెనకటి ఆటోసేవ్ ఉంటే అది తెరవండి. లేకపోతే డిఫికల్టీ తగ్గించి ఆ ఒక్క సెకను దాటే ప్రయత్నం చెయ్యండి, చాలా గేముల్లో మధ్యలో తగ్గించుకోనిస్తారు. ఏదీ కుదరకపోతే మీ వెర్షన్‌తోనే ఆడిన ఫ్రెండ్ దగ్గర సేవ్ అడగండి, మీరు ఆగిన మిషన్‌కి దగ్గర్లోదైతే మంచిది. నెట్‌లో దొరికే నూరు శాతం పూర్తయిన సేవ్ వేసుకుంటే ఆడటానికి మిషన్లే మిగలవు.