నియోజకవర్గాల మ్యాప్ చదవడం, 5వ పాఠం: పదేళ్లకు ఒక్కసారేనా?

‘రెండు జనగణనల మధ్యలో రాష్ట్రం నియోజకవర్గాల గీతలు మళ్లీ గీయొచ్చా?’ అన్న పోయిన పాఠం అభ్యాసానికి ఎక్కువమంది ఒకే జవాబు రాశారు: టెక్సస్ కేసులో 2006లో అమెరికా సుప్రీంకోర్టు కాదనలేదు కాబట్టి ఏ రాష్ట్రమైనా ఎప్పుడైనా గీతలు మార్చుకోవచ్చని. తప్పు. రెండు జనగణనల మధ్య మళ్లీ గీయడానికి ఫెడరల్ రాజ్యాంగం అడ్డురాదని మాత్రమే ఆ తీర్పు చెప్పింది. (23వ నియోజకవర్గం ఓటింగ్ హక్కుల చట్టం కింద దెబ్బతింది, అది వేరే లెక్క.) రాష్ట్ర రాజ్యాంగం సంగతి మీరే చూసుకోవాలి.

2003నే తీసుకోండి. టెక్సస్, కొలరాడో రెండింటిలోనూ కోర్టు ఇచ్చిన మ్యాప్‌ను పక్కనపెట్టి శాసనసభ కొత్తది గీసింది. టెక్సస్‌ది కొన్ని సవరణలతో నిలిచింది. కొలరాడోది డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టులోనే పోయింది. కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సీట్లు రాష్ట్రాలకు కొత్తగా పంచినప్పుడు రాష్ట్రాన్ని నియోజకవర్గాలుగా విభజించాలని అప్పట్లో ఆ రాష్ట్ర రాజ్యాంగం ఆర్టికల్ 5, సెక్షన్ 44 అనేది. ఆ సందర్భం దశాబ్దానికి ఒక్కసారే వస్తుంది, కాబట్టి గీయడమూ ఒక్కసారేనని కోర్టు తేల్చింది.

రాజ్యాంగం మొత్తం చదవక్కర్లేదు. నేనైతే ‘సెన్సస్’ (జనగణన), ‘అపోర్షన్‌మెంట్’ (సీట్ల పంపకం) అన్న మాటలు వెతికి, దొరికిన వాక్యాలే చదువుతాను.

ఆ వాక్యం దొరకగానే ఆగిపోతారు చూడండి, అక్కడే చిరాకు. నిషేధం ఏ మ్యాప్‌కో చూడరు! ఉత్తర కరోలినా రాజ్యాంగంలో ‘తర్వాతి జనగణన దాకా మార్చరాదు’ అని స్పష్టంగా ఉంది. కానీ ఉన్నది ఆర్టికల్ 2లో, రాష్ట్ర చట్టసభలోని రెండు సభలైన సెనేట్, హౌస్ స్థానాల గురించి. కాంగ్రెస్ స్థానాల ఊసే లేదు. అందుకే 2025లో కాంగ్రెస్ మ్యాప్ మార్చడానికి ఆ నిషేధం అడ్డు కాలేదు. టెక్సస్ ఆర్టికల్ 3, సెక్షన్ 28 కూడా రాష్ట్ర స్థానాల గురించే. కాలిఫోర్నియాలో ఆర్టికల్ 21 కాంగ్రెస్ మ్యాప్‌ను కూడా పట్టుకుంటుంది, గీసే పని కమిషన్‌ది. అందుకే ఆ మ్యాప్ మార్చడానికి 2025 నవంబరులో ప్రపోజిషన్ 50 అనే ప్రతిపాదనను ఓటుకు పెట్టి ఓటర్ల అనుమతి తీసుకోవాల్సివచ్చింది.

అమెరికా కాంగ్రెస్ చట్టం చేస్తే? ఆర్టికల్ 1, సెక్షన్ 4 కింద పదేళ్లకు ఒక్కసారని కట్టడి చేయొచ్చు, కాంగ్రెస్ స్థానాల వరకే.

అభ్యాసం మన దగ్గరిది. 2014 విభజన చట్టం సెక్షన్ 26 ఆంధ్ర శాసనసభ సీట్లను 175 నుంచి 225కీ, తెలంగాణ సీట్లను 119 నుంచి 153కీ పెంచమంటుంది, మన రాజ్యాంగంలోని ‘ఆర్టికల్ 170కి లోబడి’. ఆ ఆర్టికల్ మూడో క్లాజు చదివి ఏది నెగ్గుతుందో, జమ్ము కాశ్మీర్‌లో మాత్రం పునర్విభజన ఎలా కుదిరిందో రాయండి. దీనిపై 2025 జులైలో మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ముందే చూడొద్దు.