వీధి పిల్లి ఇంటి పిల్లి కావాలంటే – 3వ పాఠం: ఇసుక తొట్టి, తెల్లవారుజాము గోల

మీ పిల్లి ఇంకా మంచం కిందే నక్కి, మీరు గది దాటాకే తిండి ముడుతోందా? అయితే ఈ పాఠం ఇప్పుడే మొదలుపెట్టొద్దు. రెండో పాఠంలో చెప్పినట్టు ఒకే గదిలో ఇంకో వారం ఉంచండి. మీరు కూర్చుని ఉండగానే వచ్చి తినడం, తిన్నాక అక్కడే కూర్చుని ఒళ్లు నాక్కోవడం, మీవైపు చూసి కళ్లు నెమ్మదిగా మూసి తెరవడం. వీటిలో రెండైనా కనబడితే ముందుకు రావచ్చు.

మొదటి పాఠంలోని రేబీస్ టీకా, నట్టల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయాయనే అనుకుంటున్నాను. ఆపరేషన్ కాని పిల్లితో ఈ పాఠం సాగదు. ఎదకొచ్చిన ఆడపిల్లి రెండు మూడు వారాలకోసారి ఇల్లు అదిరేలా అరుస్తుంది, మగపిల్లి గోడలకు మూత్రం చిమ్ముతుంది. అది హార్మోన్ల పని, మన శిక్షణకు లొంగేది కాదు.

బయట తిరిగే పిల్లికి బయట కొన్ని పనులుంటాయి. మలమూత్రాలకు పోవాలి, తన హద్దులు చూసుకుని రావాలి, వేటాడాలి, గోళ్లు గీరుకోవాలి. తలుపు మూసినంత మాత్రాన ఆ పనులు ఆగిపోవు. ఒక్కోదానికీ ఇంట్లో చోటు చూపించాకే తలుపు మూయాలి. చాలామంది ముందు తలుపు మూసి, ఇంట్లో ఎక్కడో తడి కనబడ్డాక తొట్టి కోసం పరిగెత్తుతారు. ఈ పాఠంలో ఎక్కువ భాగం తొట్టికే పోతుంది, ఎందుకంటే అది కుదరకపోతే ఇంట్లోవాళ్లు మిగతా పాఠాల దాకా ఓపిక పట్టరు.

తొట్టి

ఈ పాఠాల్లో మనం గమనిస్తున్న పిల్లి ఎర్రోడు కడపలో ఒక పాత మిద్దెలో ఉంటున్నాడు. నేలంతా నాపరాళ్లు. ముందు గ్రిల్ వేసిన వరండా, వెనక దొడ్డి, దొడ్డిలో కరివేపాకు చెట్టు. ఆ చెట్టు కింది మన్నే ఇన్నాళ్లూ వాడి మరుగుదొడ్డి. కాబట్టి తొట్టి పని అంగట్లో కాదు, ఆ చెట్టు కింద మొదలవుతుంది.

తొట్టి అంటే ప్రత్యేకంగా కొనాల్సిన పని లేదు. పాత్రల అంగట్లో దొరికే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు చాలు. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు టబ్బు ఉండాలి, అంటే పెద్ద పిల్లికి సుమారు 2 అడుగులు. అంచు మరీ ఎత్తయితే ఒకవైపు 4 అంగుళాలకు కోసి, కోసిన చోట గుచ్చుకోకుండా టేపు అంటించండి. మూత ఉన్న డబ్బా లాంటివి అందంగానే ఉంటాయి కానీ, వీధిలో పెరిగిన పిల్లి కూర్చునేటప్పుడు నాలుగు వైపులా చూసుకోవాలనుకుంటుంది. మొదట్లో మూత వద్దు.

ఇసుక ఇల్లు కట్టే చోట దొరికేదే. చెన్నూరు వైపు నుంచి వచ్చే పెన్నా ఇసుక మన ఊళ్లో ఎవరికీ కొత్త కాదు. జల్లెడ పట్టి గులకరాళ్లు తీసేసి, మిద్దె మీద ఎండబెట్టి, టబ్బులో 2 నుంచి 3 అంగుళాల మందాన పోయండి. దాని మీద చెట్టు కింది ఎండుమన్ను నాలుగు దోసిళ్లు కలపండి. ఆ వాసన తెలిసిందే కాబట్టి ఇది ఎందుకు పెట్టారో ఎర్రోడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాడడం మొదలుపెట్టాక ప్రతి మార్పుకూ మన్ను కొంచెం కొంచెం తగ్గిస్తూ రెండు మూడు వారాల్లో ఉత్త ఇసుకకు తేవచ్చు. బయటి మన్నులో పురుగుల గుడ్లు ఉండొచ్చు కాబట్టి ఆ రోజుల్లో నట్టల మందు తేదీ తప్పొద్దు.

డబ్బులు పెట్టగలిగితే ఆన్‌లైన్‌లో దొరికే గడ్డకట్టే లిట్టర్ సుఖం. అది బెంటొనైట్ అనే బంకమన్ను, మూత్రం పడ్డ చోట ఉండలా గట్టిపడుతుంది, ఆ ఉండ తీసేస్తే చాలు. సెంటు వాసన కలిపినది మాత్రం కొనొద్దు. ఆ సెంటు మన ముక్కు కోసం, పిల్లి దానికి దూరంగా పోతుంది. సామిల్లు పొట్టు, చెనిక్కాయ పొట్టు వేయొచ్చా అని అడుగుతుంటారు. వేయొచ్చు, ఊరికే దొరుకుతాయి కూడా, కానీ పిల్లులకు సన్నగా, మెత్తగా తవ్వుకునేదే ఇష్టం. నా ఓటు ఇసుకకే.

ఎక్కడ పెట్టాలన్నదే ఇండ్లలో అసలు పంచాయితీ. తిండి గిన్నె పక్కన వద్దు. మిక్సీ, వాషింగ్ మెషీన్ దగ్గర వద్దు, అది కూర్చున్నప్పుడు ఒక్కసారి మోగితే మళ్లీ ఆ తొట్టి తొక్కదు. స్నానాల గదిలో పెడితే ఎవరో ఒకరు లోపల గడియ పెట్టుకుంటారు. పూజగది పక్కన పెడితే పెద్దవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోవాలని పట్టుబట్టడం కూడా న్యాయం కాదు. మెట్ల కింద మూల, వరండా చివర గ్రిల్ లోపలి మూల మంచి చోట్లు. ఒక పిల్లికి రెండు తొట్లు, రెండు పిల్లులకు మూడు అనేది పశువైద్యులు చెప్పే లెక్క. మేడ మీద కూడా కాపురముంటే పైన ఒకటి.

రోజుకు రెండుసార్లు చేటలాంటి గరిటెతో తీసేయండి. ఇది శుభ్రం కోసం మాత్రమే కాదు. పిల్లి మలంలో రాగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మనకు అంటుకునే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. రోజూ తీసేస్తే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని ఆమెకు అప్పజెప్పొద్దు. పిల్లినే వదిలించుకోవాల్సిన అవసరం లేదు, గరిటె ఇంకొకరి చేతికి మారితే చాలు.

ఇక ఫినాయిల్. నాపరాళ్ల ఇండ్లలో పొద్దున్నే నేల తుడిచే బక్కెట్లో అది పడాల్సిందే. అందులోని ఫినాల్ జాతి రసాయనాలను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడుస్తుంది, పాదాలు నాక్కుంటుంది, విషం లోపలికి పోతుంది. బయట తిరిగినప్పుడు తడి ఆరేదాకా వీధిలో ఉండేది, ఇప్పుడు రోజంతా ఆ నేల మీదే. సబ్బునీళ్లతో తుడిచి ఆరనివ్వండి. బట్టల బీరువాలో కలరా ఉండలుంటే అవీ తీసేయండి. ఇల్లు శుభ్రంగా ఉండదని ఎర్రోడి ఇంటి అవ్వ బాధపడింది. ‘ఫినాయిల్ వాసన లేకుంటే ఇల్లు కడిగినట్టే ఉండదు నాయనా’ అంది. నెమ్మదిగా అలవాటైంది, పిల్లికంటే కొంచెం ఎక్కువ రోజులే పట్టింది.

తొట్టి బయట చేస్తే కొట్టొద్దు, దాని ముక్కు అందులో రాయొద్దు. ఎక్కడ చేసిందో చూస్తే ఎందుకు చేసిందో తెలుస్తుంది. తొట్టి పక్కనే చేస్తే చోటు నచ్చింది, తొట్టి నచ్చలేదు, బహుశా మురికిగా ఉంది. పరుపు మీదో బట్టల మీదో చేస్తే ఇసుక గరుకుగా ఉండొచ్చు. నాపరాళ్ల సందుల్లోకి ఇంకిన మూత్రం సబ్బుకు పూర్తిగా పోదు. మనకు వాసన రాకపోయినా దానికి వస్తుంది, మళ్లీ అక్కడికే పోతుంది. మూత్రపు మరకను, వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద రాసినంతసేపు నాననిచ్చి తుడవాలి.

ఒక్క విషయం మాత్రం రేపు చూద్దాంలే అనుకోకూడదు. మగపిల్లి మాటిమాటికీ తొట్టిలోకి పోయి ముక్కుతూ, చుక్క రాక అరుస్తుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. చోటు మారిన టెన్షన్ కూడా దీనికి ఒక కారణం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అది మలబద్ధకమని ఆముదం పట్టడాలు మానేసి ఆ పూటే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోండి. కడపలో దొరక్కపోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, 50 కిలోమీటర్ల పైనే, అయినా పోవాల్సిందే. నొప్పికి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయొద్దు, పిల్లికి అది విషం.

తెల్లవారుజాము

పిల్లులు పగటి జీవులూ కావు, పూర్తిగా రాత్రి జీవులూ కావు. వెలుగు, చీకటి కలిసే రెండు వేళల్లో వాటి ఒళ్లు చురుగ్గా ఉంటుంది. అంటే అది తలుపు దగ్గర గోల మొదలుపెట్టే సమయమూ, ఇంట్లో ఆడవాళ్లు కళ్లాపి చల్లి ముగ్గు పెట్టడానికి వీధి తలుపు తీసే సమయమూ ఒకటే. ఎర్రోడు తప్పించుకున్నదల్లా ఆ కాస్త సందులోనే. బక్కెట్ పట్టుకున్న మనిషి కాళ్ల మధ్య నుంచి దూరిపోయే పిల్లిని ఎవరాపగలరు?

దీనికి తాళం కంటే తిండి బాగా పనిచేస్తుంది. తలుపు తీయడానికి ముందు, వెనక గదిలో గిన్నె పెట్టి ఆ గది తలుపు మూయండి. ముగ్గు అయ్యాక తెరవండి. వారం పది రోజులకు బక్కెట్ చప్పుడు వింటే వీధి తలుపు వైపు కాక వెనక గది వైపు పరిగెత్తడం చూస్తారు. గిన్నె పెట్టే మనిషి, వీధి తలుపు తీసే మనిషి వేరైతే ఇంకా త్వరగా కుదురుతుంది.

అది అరిచినప్పుడు తలుపు తీయొద్దు. తిట్టొద్దు, బుజ్జగించొద్దు. తిట్టు కూడా దానికి జవాబే. పదిసార్లు ఊరుకుని పదకొండోసారి విసుగొచ్చి తీశారా, ఇంకాసేపు అరిస్తే తలుపు తెరుచుకుంటుందని మీరే నేర్పినట్టు. అరుపు తగ్గేముందు కొన్నాళ్లు బాగా పెరుగుతుంది కూడా. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇరుగుపొరుగు అడుగుతారు. ముందే వాళ్లతో ఒక మాట చెప్పి ఉంచండి. ‘తిరిగే జీవాన్ని మూసిపెడితే పాపం గాదా?’ అని అడిగినవాళ్లకు నేను వీధికుక్కల సంగతి, ఆటోల సంగతి, ఎలుకల మందు తిన్న ఎలుకను పిల్లి తింటే ఏమవుతుందో చెప్తాను. కొందరు ఒప్పుకుంటారు.

రాత్రి నిద్రకు ముందు పది పదిహేను నిమిషాలు ఆడించండి. కర్రకు గుడ్డపేలికో కోడి ఈకో కట్టి నేల మీద ఎలుకలా లాగాలి, ముఖం మీద ఊపితే వేట కాదు. ఆగి, దాక్కుని, మళ్లీ కదలాలి. చివర్లో పట్టుకోనివ్వాలి. ఆ వెంటనే రోజులో పెద్ద భోజనం పెట్టండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర, ఇదీ దాని వరస. పెరుగన్నంతో ఆ నిద్ర రాదు. ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడి, చేప లేదా పిల్లుల ఫుడ్ ఉండాలి. ఆట అయ్యాక దారం బీరువాలో పెట్టేయండి. ముఖ్యంగా తల్లోంచి తీసేసిన మల్లెపూల దారం కిటికీలో వదలొద్దు. మింగితే పేగులు ముడతలుపడి కోసుకుపోతాయి, ఆపరేషన్ దాకా పోతుంది.

గోళ్లకు ఎక్కువ చెప్పేది లేదు. 3 అడుగుల చెక్కకు గోనెసంచి చుట్టి, అది పడుకునే చోట గోడకు కదలకుండా బిగించండి. సోఫా కంటే గోనె చాలా పిల్లులకు ఇష్టం.

మే నెలలో ఈ పాఠం చేస్తున్నవాళ్లు నీళ్లు రెండు మూడు చోట్ల వెడల్పాటి మట్టి మూకుళ్లలో పెట్టండి. పిల్లి పరుపు వదిలి నాపరాయి మీద సాగిలపడితే పడుకోనివ్వండి, దానికి తెలిసినంత మనకు తెలియదు. కానీ నోరు తెరిచి కుక్కలా రొప్పుతుంటే అది ప్రమాదం, చల్లటి గదిలోకి మార్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఈ విడత అభ్యాసం: తలుపు పక్కన ఒక నోటుబుక్కు వేలాడదీసి, పిల్లి ఎప్పుడు అరిచింది, ఎంతసేపు, అంతకుముందు ఏం తిన్నది రాయండి. తొట్టి లోపల, బయట ఎక్కడ చేసిందో అదీ రాయండి. తొట్టి బయట ఒక్కసారి కూడా చేయకుండా రెండు వారాలు గడిస్తే నాలుగో పాఠానికి రండి. అందులో కిటికీలు, మిద్దె గవాచి (పైకప్పులో వెలుతురు కోసం వదిలిన కంత), వేసవిలో మేడ మీద పడుకునే రాత్రులు చూద్దాం. ఈలోగా ఇంట్లో ఉన్న ప్రతి గ్రిల్ సందునూ టేపుతో కొలిచి పెట్టుకోండి. పిల్లి తల పట్టే సందులోంచి మామూలుగా ఒళ్లంతా దూరిపోతుంది కాబట్టి, దాని తల వెడల్పు కూడా, అది నిద్రపోతున్నప్పుడు, కొలిచి పక్కనే రాసుకోండి.