రక్షిత అడవుల్లో పరాయి జీవులపై ప్రయోగాలు: తొలకరికి ముందు పర్యవేక్షకులు పాటించవలసిన జాగ్రత్తలు

మనుషుల వల్ల కొత్త ప్రాంతాలకు చేరిన జీవజాతులు 37,000 దాటాయనీ, వాటిలో 3,500కు పైగా హాని చేస్తున్నాయనీ 2023 సెప్టెంబరులో జీవవైవిధ్యంపై ప్రభుత్వాలకు శాస్త్రీయ నివేదికలిచ్చే అంతర్జాతీయ వేదిక ఐపీబీఈఎస్ నివేదిక చెప్పిన తరువాత, ప్రయోగ ప్రతిపాదనలను పరిశీలించే సంఘాల సభ్యులు కాగితాలను కొంత శ్రద్ధగానే చదువుతున్నారు. చదవవలసిన పుటను మాత్రం ఇంకా దాటవేస్తూనే ఉన్నారు.

అనుమతులు, క్వారంటైన్ నిబంధనలు అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోను. నేను పదేపదే చూసిన తప్పు ఒక్కటే. జీవిని ఎలా విడుదల చేస్తారో పుటలకొద్దీ రాసి, ఎలా తొలగిస్తారో చెప్పవలసిన చోట "అవసరాన్నిబట్టి తగిన చర్యలు తీసుకుంటాము" అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. దాని కింద మనం సంతకం చేస్తాము. నిధులు ఆగిపోతాయి, విద్యార్థి డాక్టరేటు పుచ్చుకొని వెళ్లిపోతాడు, జీవి మాత్రం ఆ అడవిని కాచే బీటు అధికారి నెత్తిన మిగులుతుంది.

ఆవరణ విషయం

లంటానా అనే కలుపు పొద అదుపు కోసం 1941లో తెప్పించిన టెలియోనెమియా పురుగు టేకు పూలనూ తింటుందని డెహ్రాడూన్ పరీక్షల్లో తేలినందున దానిని నాశనం చేశారు. అయినా కొన్ని తప్పించుకొని దేశమంతా వ్యాపించాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని వార్డాంగ్ దీవిలో కుందేళ్లపై పరీక్షిస్తున్న వైరస్ 1995లో ప్రధాన భూభాగానికి చేరింది. కంచె కుందేళ్లను ఆపింది కాని, వైరస్‌ను మోసుకుపోయాయని భావిస్తున్న ఈగలను ఆపలేదు. మన హైదరాబాదులో కేబీఆర్ జాతీయ ఉద్యానవనం చుట్టూ రోడ్లే. మృగవని జాతీయ ఉద్యానవనానికి గండిపేట జలాశయం దగ్గర. నీటిదారినీ, గాలిదారినీ లెక్కవేయని ఆవరణ పటాన్ని అంగీకరించకూడదు.

మనుషుల విషయం

1957లో బ్రెజిల్‌లో, తేనెపెట్టెల నుంచి రాణి ఈగను బయటికి పోకుండా ఆపే జల్లెడలను సంగతి తెలియని పెంపకందారుడొకడు తీసివేయడంతో 26 ఆఫ్రికా తేనెటీగల గుంపులు ఎగిరిపోయాయి. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. అతిథులు, ఎంతటి పెద్దవారైనా, ఆవరణ బయటి నుంచే చూడాలి.

ఇక మిగిలినవి వరుసగా:

తొలగింపు ప్రణాళిక ప్రతిపాదనతోపాటే రావాలి, వెనుక కాదు.
అందులో బాధ్యుని హోదా, ఖర్చు, గడువు ఉండాలి.
ఆ సొమ్ము విడుదలకు ముందే వేరే ఖాతాలో జమ కావాలి, ఎందుకంటే ప్రాజెక్టు ఖాతాలో చివరికి ఏమీ మిగలదు.
తొలగింపును నెట్‌హౌస్‌లో (వల కప్పిన గదిలో) చేసి చూపించనిదే విడుదలకు ఒప్పుకోవద్దు.
జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొత్త విడుదలలు వద్దు.
ఒక లింగం జీవులతో సాగే ప్రయోగానికి రెండో లింగాన్ని తేవద్దు.
లోపలికి వెళ్లినవి, చచ్చినవి, మిగిలినవి రోజూ పుస్తకంలో రాయాలి. లెక్క తప్పితే ఆ రోజే రేంజ్ అధికారికి చెప్పాలి.
బూట్లు ఆవరణ దగ్గరే విడవాలి.
చంపడానికి మనసొప్పలేదని మిగిలిన చేపలను కుంటలో వదలవద్దు.
తొలగింపు ఎవరిదో తేలకుండా సంతకం చేయవద్దు.
గడువు తీరినా తొలగింపు నివేదిక పంపని బృందం మరో ప్రతిపాదన తెస్తే దానిని తెరవనే వద్దు.