మన స్థలంలో పక్కవాళ్ల గేదె: హక్కు పోకుండా, తలలు పగలకుండా తేల్చుకోవడం ఎలా

ఊళ్లో ఈ తగాదా ఎప్పుడూ పేడతోనే మొదలవుతుంది. "మీ గేదె మా గోడ పక్కన పెంట చేస్తోంది" అని ఒకరంటారు, "నోరులేని జీవం, దానికేం తెలుసు" అని ఇంకొకరంటారు, పది రోజులు గడిచేసరికి తాతల నాటి పంపకాల దాకా వెళ్లిపోతుంది. అసలు గొడవ గేదెది కాదు, గుంజది. గేదె సాయంత్రానికి ఇంటికి పోతుంది, పాతిన గుంజ మాత్రం అక్కడే ఉంటుంది. దాని చుట్టూ తొట్టి వస్తుంది, తొట్టి మీద రేకులు వస్తాయి, రేకుల కింద ఒక రోజు మంచం కూడా వస్తుంది.

మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో సరిగ్గా ఇదే జరిగింది. వరసకి బాబాయ్ అయ్యే ఆయన "ఈ వానలు తగ్గేదాకా కట్టుకుంటా అబ్బాయ్" అన్నాడు, సరే బాబాయ్ అన్నాను. ఆ వానలు ఆరేళ్లయినా తగ్గలేదు. అడిగితే "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడేంటి కొత్తగా" అన్నాడు. నేను చేసిన తప్పులు మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నా. ఆంధ్రా, తెలంగాణ ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా.

ముందు ఇది ఏ రకం గొడవో తేల్చుకోండి

పశువు తాడు తెంపుకుని వచ్చి చేను మేసిందా? మీరో మీ పెద్దవాళ్లో ఒప్పుకుంటే కట్టేశారా? ఎవరినీ అడగకుండానే కట్టేశారా? లేక మీరే వాళ్ల పశువుని మేపడానికి తెచ్చుకుని, ఇప్పుడు ఇవ్వడం దగ్గర పేచీ వచ్చిందా? ఈ నాలుగింటికీ దారులు వేరు. స్టేషన్‌కి వెళ్లి "మా స్థలంలో గేదె ఉంది సార్" అని మాత్రమే చెబితే ఎస్సై నవ్వి పంపేస్తాడు, ఎందుకంటే ఆయన చేయాల్సిన పని ఏంటో మీ మాటలో లేదు.

ఇంకో సంగతి, ఇది చాలామంది మర్చిపోతారు: ఆ స్థలం నిజంగా మీదేనా? ఊరి మధ్య ఇళ్ల స్థలాలు గ్రామకంఠంలో ఉంటాయి, వాటికి పొలంలాగా పట్టాదారు పాసుపుస్తకం ఉండకపోవచ్చు. పాత దస్తావేజు, పంపకాల కాగితం, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు ఏవి ఉంటే అవి ఒక కవర్లో పెట్టుకోండి. పొలమైతే ఆంధ్రాలో మీభూమి, తెలంగాణలో భూభారతి పోర్టల్ చూసుకుని, హద్దు మీద అనుమానముంటే మండల సర్వేయర్‌తో కొలతకి దరఖాస్తు పెట్టండి. కొలత అయ్యాక చాలాసార్లు తేలేదేంటంటే, ఇద్దరూ కొట్టుకుంటున్న ఆ జాగా ఇద్దరిదీ కాదు, బండ్ల బాట పోరంబోకు. అప్పుడది పంచాయతీ కార్యదర్శి చూడాల్సిన పని, మీరు మధ్యలో నలగక్కర్లేదు.

చేలో పడి మేసిన పశువు

దీనికి 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఉంది. పాతదే అయినా పనికొస్తుంది. మీ చేలో పడి పంట పాడుచేస్తున్న పశువుని పట్టుకునే హక్కు మీకుంది, కానీ పట్టుకున్నాక 24 గంటల్లోపు బందెలదొడ్డికి (చేలల్లో పడ్డ పశువుల్ని కట్టి ఉంచే ఊరి దొడ్డికి) తోలాలి. మీ ఇంట్లో కట్టేసుకుని "డబ్బులిస్తేనే వదులుతా" అంటే కుదరదు. అలా అక్రమంగా పట్టి ఉంచారని ఆ పశువు యజమాని 10 రోజుల్లోపు మేజిస్ట్రేట్‌కి ఫిర్యాదు చేసుకోవచ్చు, కోపంలో ఉన్న మనిషి దొంగతనం కేసు కూడా పెట్టడానికి చూస్తాడు. అప్పుడు పంట పోయింది మీది, ముద్దాయి కూడా మీరే.

బందెలదొడ్డి పెట్టడం, నడపడం పంచాయతీ పని. చాలా ఊళ్లలో ఆ దొడ్డి గోడలు కూలిపోయి తుమ్మచెట్లు మొలిచాయని నాకూ తెలుసు. మీ ఊళ్లో అలాగే ఉంటే పంచాయతీ కార్యదర్శికి వెంటనే ఫోన్ చేసి, ఆ వెంటనే రాతపూర్వకంగా ఒక అర్జీ ఇచ్చి, ఒక కాపీ మీద తేదీ వేయించుకోండి. వాట్సాప్‌లో పంపినా సరే, ఒక ఆధారమైతే ఉంటుంది. పశువు ఎవరిదో తెలియకపోతే చెవికున్న పసుపు రంగు ట్యాగు చూడండి, దాని మీద 12 అంకెల నంబరు ఉంటుంది. పశువుల ఆసుపత్రిలో ఆ నంబరు ఇస్తే యజమాని వివరాలు చూసి కబురు పెట్టే వీలుంటుంది.

పశువు మీ దగ్గరున్నంతసేపూ నీళ్లు, గడ్డి పెట్టండి, ఎండలో కట్టకండి. మేత, నీరు లేకుండా కట్టేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, చూడి గేదె మీ దగ్గర ఉండగా ఈసుకుపోతే (కడుపు పోతే) ఆ మాట జీవితాంతం పడాలి. పాలిచ్చే గేదైతే మీరు పితకొద్దు, యజమానినే పిలిచి ఇద్దరు మనుషుల ముందు పిండుకోమనండి. లీటరు పాల కోసం లేనిపోని నింద ఎందుకు.

పంట నష్టానికి వేరే లెక్క. పశువు చేలో ఉండగానే ఫోటో తీయండి, పక్క రైతులిద్దరిని పిలిచి చూపించండి, ఎన్ని సాళ్లు పోయాయో రాసి వాళ్ల సంతకాలు తీసుకోండి, వీలైతే వ్యవసాయ శాఖ మనిషిని పిలిచి నష్టం అంచనా అడగండి. పశువుని దొడ్డికి తోలినా తోలకపోయినా నష్టపరిహారం కోసం దావా వేసే హక్కు మీకు ఉంటుంది, ఆ పాత చట్టమే ఆ మాట చెబుతోంది.

"నాలుగు రోజులు కట్టుకుంటా" అన్న పశువు

అసలు తలనొప్పి ఇదే. మీరు ఒప్పుకున్నారు కాబట్టి మొదటి రోజు అది అతిక్రమణ కాదు, అనుమతి. అనుమతిని మామూలుగా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఆ అనుమతి మీదే వాళ్లు సొంత ఖర్చుతో శాశ్వతమైన కట్టడం కట్టుకుంటే మాత్రం వెనక్కి తీసుకోవడం కష్టమవుతుందని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో ఉంది. అందుకే తాడుకి, సిమెంటు తొట్టికి అంత తేడా. ఇటుకలు దిగిన రోజే నోరు విప్పాలి, శ్లాబు పడ్డాక కాదు. పక్కవాళ్లకి ప్రభుత్వ పథకంలో పశువుల షెడ్డు వచ్చిందని తెలిస్తే, అది ఏ స్థలం చూపించి తెచ్చుకున్నారో కూడా కనుక్కోండి.

అడగకుండానే కట్టేసినవాళ్ల విషయంలో వచ్చే 12 ఏళ్ల భయం గురించి కూడా చెప్పాలి. అనుమతి లేకుండా, అందరికీ తెలిసేలా, ఇది నాదే అన్నట్టు 12 ఏళ్లు ప్రైవేటు స్థలాన్ని అనుభవిస్తే హక్కు అడిగే వీలుంది, లిమిటేషన్ చట్టం 1963లోది. గేదెని కట్టినంత మాత్రాన స్థలం పోదు, ఊరికే టెన్షన్ పడకండి. అనుమతితో ఉన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు. మరి అనుమతి ఇచ్చినట్టు రుజువేది? అందుకే కాగితం. పెద్ద భాష అవసరం లేదు, ఇలా రాసుకోండి:

"ఫలానా హద్దుల మధ్య ఉన్న మీ ఖాళీ స్థలంలో నా రెండు గేదెలు కట్టుకోవడానికి మీరు అనుమతి ఇచ్చారు. స్థలం మీదే. నేను ఇక్కడ ఏ కట్టడమూ కట్టను. పేడ, చెత్త రోజూ నేనే తీస్తాను. మీరు అడిగిన 30 రోజుల్లో ఖాళీ చేస్తాను."

కింద తేదీ, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. స్టాంపు పేపరు లేదని వాయిదా వేయకండి. "సొంతవాళ్ల మధ్య కాగితాలేంటిరా" అని పెద్దాయన ఎవరో తప్పకుండా అంటాడు. సొంతవాళ్లం కాబట్టే రాసుకుంటున్నాం పెదనాన్నా, రేపు మన పిల్లలు కొట్టుకోకూడదని, అనండి. ఇప్పటికే ఏళ్లు గడిచిపోయి ఉన్నా ఈ కాగితం ఇప్పుడైనా అడగొచ్చు. సంతకం పెట్టనంటే ఆ మనిషి మనసులో ఏముందో మీకు తెలిసిపోయినట్టే. ఇక లాయరు నోటీసు దాకా వెళ్లండి.

ఖాళీ చేయమనేటప్పుడు ముహూర్తం చూడండి, నవ్వులాటకి కాదు. వానల్లోనో, గేదె ఈనే రోజుల్లోనో వెళ్లగొడితే ఊరంతా వాళ్ల వైపే ఉంటుంది. నేను శ్రావణంలో అడిగాను, అదే నా మొదటి తప్పు. కోతలయ్యాక, గడ్డివాము ఎక్కడ వేసుకోవాలో వాళ్లూ ఆలోచించుకునే సమయంలో అడిగితే పని అవుతుంది. వీధిలో కాదు, వాళ్ల ఇంటికెళ్లి, ఆ ఇంటి ఆడవాళ్లు కూడా ఉన్నప్పుడు మాట్లాడండి, పశువు చాకిరీ చాలావరకు చేసేది వాళ్లే, ఎక్కడికి మార్చగలరో కచ్చితంగా చెప్పేదీ వాళ్లే.

ఎంత కోపమొచ్చినా చేయకూడనివి

పలుపు కోసి తోలేయడం, మేతలో ఏదైనా కలపడం, కాలు విరగ్గొట్టడం. పశువుని చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325 కింద 5 ఏళ్ల దాకా జైలు. రాత్రికి రాత్రి మనుషుల్ని పెట్టి పాక పీకించడం కూడా వద్దు. స్థలం మీదే అయినా, అందులో ఉన్నవాళ్లని చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే 6 నెలల్లోపు వాళ్లే దావా వేసి తిరిగి లోపలికి రాగలరు. ఆ దావాలో స్థలం ఎవరిదన్న ప్రశ్న కూడా రాదు, ఎవరు ఉంటున్నారన్నదే చూస్తారు.

పెద్దమనుషుల దగ్గర తేలకపోతే, కొట్లాట జరిగేలా ఉంటే స్టేషన్‌లో చెప్పి తహసీల్దారుకి కూడా అర్జీ పెట్టండి, శాంతి భద్రతల కోసం బైండోవర్ చేసే (గొడవకి దిగబోమని పూచీకత్తు రాయించుకునే) అధికారం ఆయనకి ఉంటుంది. దారికి అడ్డంగానో, అందరికీ ఇబ్బందిగానో ఉన్న కట్టడాన్ని తీయించే అధికారం ఆర్డీవోకి, లేదా ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారమిచ్చి ఉంటే తహసీల్దారుకి ఉంటుంది. లేదంటే న్యాయ సేవాధికార సంస్థకి 15100 నంబరుకి ఫోన్ చేసి లోక్ అదాలత్ అడగండి. అక్కడ కోర్టు ఫీజు లేదు, ఇద్దరూ ఒప్పుకున్న అవార్డు (అక్కడిచ్చే తీర్పు) మీద అప్పీలు కూడా ఉండదు. రచ్చబండ దగ్గర మూడుసార్లు తేలి నాలుగోసారి మళ్లీ మొదలయ్యే గొడవలకి ఇదే మంచిదని నా అభిప్రాయం.

మేపడానికి ఇచ్చిన పశువు గురించి ఒక్క మాట. ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం 1872లో దీనికి సరిగ్గా ఆవు ఉదాహరణే ఉంది: చూసుకోమని ఆవుని ఒకరి దగ్గర పెడితే, అది ఈనితే, ఆవుతో పాటు దూడనీ తిరిగివ్వాలి. వేరే ఒప్పందం ఉంటే తప్ప. కాబట్టి సగం వాటాకి పెంచుతున్నవాళ్లు దూడ ఎవరికి, చస్తే నష్టం ఎవరికి, మందుల ఖర్చు ఎవరిది అన్నది ముందే రాసుకోండి.

చివరికి మా బాబాయ్ గేదెల్ని తన చేను గట్టుకి మార్చుకున్నాడు, సంక్రాంతి అయ్యాక. వెళ్లిన సాయంత్రమే గుంజలు పీకించి, గుంతలు పూడ్పించి, ఒక ఫోటో తీసుకున్నాను. మీరూ అదే రోజు చేయించండి. మా వీధిలోనే ఒకాయన గుంజ వదిలేశాడు, పదిహేను రోజులకి దానికి ఇంకొకరి మేకలు కట్టేసి ఉన్నాయి.