సొంత రౌటర్‌కి అద్దె కడుతున్నారేమో చూసుకోండి

అమెరికాలో ఉన్నవాళ్లు ఇంటర్నెట్ బిల్లు ఆటోపేలో పెట్టేసి మర్చిపోకండి, నెలకోసారైనా లోపలి లైన్లు చదవండి. సొంత మోడెమ్, రౌటర్ కొనుక్కున్నాక కూడా మా బిల్లులో 'ఎక్విప్‌మెంట్ రెంటల్' అని 14 డాలర్లు పడుతూనే ఉంది, నేను చూసుకునేసరికి ఏడు నెలలైంది (98 డాలర్లు, మంచి రౌటరే వచ్చేది!). కంపెనీ ఇవ్వని సామానుకు అద్దె తీసుకోకూడదని 2019లో చట్టం చేశారు, 2020 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. తిరిగిచ్చేసిన సామానుకీ అంతే, ఇచ్చిన రోజు దాకానే వసూలు చేయాలి. అందుకే వెనక్కి ఇచ్చేటప్పుడు బాక్స్ అడుగున స్టిక్కర్ మీదుండే సీరియల్ నంబర్ ఫోటో తీసుకుని, రసీదు కూడా దాచుకోండి, ఆర్నెల్ల తర్వాత 'మాకు అందలేదు' అన్నా టెన్షన్ ఉండదు.

ఇలా అద్దె పడుతుంటే ముందు కంపెనీ చాట్‌లో అడగండి, ఫోన్‌లో అయితే మాట రికార్డు మన చేతిలో ఉండదు. కుదరదంటే ఎఫ్‌సీసీ (అమెరికాలో ఫోన్, ఇంటర్నెట్ కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) సైట్‌లో ఫిర్యాదు పెట్టండి, పైసా ఖర్చు లేదు, కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వాలి. నాకు చాట్‌లో మూడుసార్లు కుదరదన్నవాళ్లే ఫిర్యాదు పెట్టిన వారానికి వాళ్లంతట వాళ్లే ఫోన్ చేశారు.