డివిజన్ మీటింగుకు వచ్చినవాళ్లు రెండోసారి కూడా రావాలంటే ఏం చేయాలి?

విజయవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లు. ఏ పార్టీ అయినా డివిజన్‌కో కమిటీ, అప్పుడప్పుడూ ఒక మీటింగు ఉంటాయి. ఏళ్ల తరబడి కుర్చీలు వేయించీ తీయించీ నాకు తెలిసిందేమిటంటే, జెండా రంగు ఏదైనా మీటింగు పాడుచేసే పద్ధతి మాత్రం ఒకటే. వేదిక మీద పదిహేనుమంది, కింద ఇరవైమంది. ఆ ఇరవైమందిలో సగం టీ కోసం ఆగినవాళ్లు.

చోటు, సామాను

నలభై కుర్చీలు, ఒక చేతి మైకు, రెండు నీళ్ల క్యాన్లు. అంతే. కల్యాణమండపం వద్దు, ఎవరిదైనా డాబా గానీ అపార్ట్‌మెంట్ సెల్లారు గానీ చాలు. గుడి ఆవరణ అసలే వద్దు, ప్రార్థనా స్థలాల్లో రాజకీయ కార్యక్రమాలు 1988 చట్టం ప్రకారం నేరం. వేదిక కట్టకండి, కుర్చీలు గుండ్రంగా వేయండి. ఫ్లెక్సీ కూడా వద్దు. ఎవరి ఫొటో ఎంత సైజులో పడిందన్న గొడవతోనే సగం సాయంత్రం పోతుంది.

టైము

ఆడవాళ్లు రావాలంటే సాయంత్రం నాలుగున్నర. బీసెంట్ రోడ్డు, వన్‌టౌన్ షాపుల్లో పనిచేసేవాళ్లకు రాత్రి తొమ్మిది దాటితే గానీ తీరదు, పది దాటితే మైకు పెట్టకూడదు. అందుకని ఒక నెల సాయంత్రం, ఒక నెల ఆదివారం పొద్దున. మేలో మిట్టమధ్యాహ్నం పెట్టేవాళ్లకు ఏం చెప్పినా దండగే.

పిలుపు

వాట్సాప్ గ్రూపులో పోస్టరు పడేస్తే పిలిచినట్టు కాదు. ఫోన్ చేయండి. ‘తప్పకుండా రావాలండీ’ అని ఊరుకోకుండా ఏ విషయం మాట్లాడబోతున్నామో ఒక్క ముక్కలో చెప్పండి.

కింద కూర్చున్నవాళ్ల చేతికి మైకు ఇవ్వడం

ఇదీ అసలు పని. అందరూ ఇక్కడే చెడగొడతారు. గంటన్నర ఉపన్యాసాలయ్యాక ‘ఎవరైనా రెండు ముక్కలు మాట్లాడతారా’ అంటారు. ఎవరూ లేవరు. ‘సరే, సమస్యలేమీ లేనట్టున్నాయి’ అని వందన సమర్పణలోకి వెళ్లిపోతారు. సమస్యలు లేక కాదు. అంతసేపు చప్పట్లు కొట్టించుకున్న పెద్దమనిషి ముందు లేచి, మా సందులో డ్రైనేజీ పొంగుతోందని అనడానికి నోరెలా వస్తుంది?

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచేశాక సింగ్‌నగర్‌లో ఒక మీటింగు పెట్టాం. మునిగిన ఇంటికి కింది అంతస్తయితే 25 వేలు, పై అంతస్తయితే 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. పేరు జాబితాలో లేనివాళ్లు కాళ్లరిగేలా తిరుగుతున్నారు. చివరి వరుసలో ఒకావిడ ఒళ్లో పాలిథిన్ కవరు, అందులో తడిసి ఎండి అప్పడంలా వంకరపోయిన ఆధార్ జిరాక్సు, కరెంటు బిల్లు. ముందు శాలువాలు కప్పే కార్యక్రమం నడుస్తోంది. ఆవిడ రెండుసార్లు లేచింది. రెండుసార్లూ ‘కూర్చోమ్మా, సార్ మాట్లాడుతున్నారు’ అని కూర్చోబెట్టారు. కూర్చోబెట్టింది నేనే. రెండు నెలల తర్వాత ఆవిడే అవతలి పార్టీ మీటింగులో మైకు పట్టుకుని కనబడింది.

కాబట్టి మొదటి ముప్పావుగంట సభ్యులది. నాయకుడికి నిజం టైమే చెప్పండి, ఎలాగూ గంట ఆలస్యంగా వస్తారు, మీకు కావలసింది ఆ గంటే. ముందురోజే ఇద్దరితో మాట్లాడి పెట్టుకోండి, పొగడ్తలకు కాదు, వాళ్ల సందు సంగతి చెప్పడానికి. మొదట మాట్లాడేది ఏ పదవీ లేని మనిషి అయి ఉండాలి, కుదిరితే ఆడమనిషి. పదవి ఉన్నవాడు మొదలెడితే అది ఉపన్యాసమే. ‘మేడమ్ గారి తరఫున’ అంటూ కార్పొరేటరమ్మ భర్త చెయ్యి చాపితే మైకు ఇవ్వకండి. సగం సీట్లు ఆడవాళ్లకిచ్చింది ఆయన మాట్లాడటానికి కాదు.

‘సమస్యలున్నాయా?’ అని అడగొద్దు. ‘మీ వీధిలో కుళాయి ఎన్నింటికి వస్తోంది?’ అని అడగండి. అడిగాక నోరు మూసుకోండి. మనసులో ఇరవై లెక్కపెట్టండి. పన్నెండు దగ్గర భయమేస్తుంది, జోకేద్దామనిపిస్తుంది, వేయకండి. పదిహేనో అంకె దగ్గర ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు. వాళ్లను లేపి నిలబెట్టకుండా కూర్చున్నచోటికే మైకు తీసుకెళ్లండి. చీటీలు రాయించి డబ్బాలో వేయించే పద్ధతి కొందరికి గొప్ప. రాయడం రానివాళ్ల సంగతేమిటో వాళ్లు చెప్పరు.

ఇంకో ప్రమాదం. ఎవరో ఒకరు ‘జెండాలు మోసింది మేం, పదవులు నిన్న కండువా కప్పుకున్నోళ్లకా?’ అని అననే అంటారు. వెంటనే ఓ కుర్రాడు లేచి వాణ్ని పార్టీ ద్రోహి అంటాడు. ముందు ఆ కుర్రాణ్ని కూర్చోబెట్టండి. అడిగినాయనకు మీరు కూడా జవాబు చెప్పకండి. సంజాయిషీ మొదలైందా, ఇంకెవరూ నోరు విప్పరు. ‘రాసుకున్నానండీ’ అని అందరికీ కనబడేలా రాసుకోండి, చాలు.

పుస్తకం

రాసేది ఫోన్‌లో కాదు, లాంగ్ నోట్‌బుక్‌లో. పేరు, వీధి, విషయం, పని ఎవరికి ఒప్పజెప్పాం. వార్డు సచివాలయంలో అర్జీ ఇస్తే దాని నంబరు కూడా ఎక్కించండి. తర్వాతి మీటింగు ఆ పేజీ చదవడంతోనే మొదలవ్వాలి. కానివి కాలేదనే చదవండి.

టీ

చివర్లో కాదు, మధ్యలో. చివర్లో ఇస్తే కప్పు పుచ్చుకుని వెళ్లిపోతారు, మధ్యలో ఇస్తే పక్కవాళ్లతో మాటలు కలుస్తాయి. అల్లం టీ, పునుగులు. డబ్బులెక్కడివంటారా? దండలు, శాలువాలు మానేశారుగా.